పాంక్రియాటిక్ క్యాన్సర్: పథ్యం పేరుతో పస్తులు పెట్టొద్దు.. ఏం తినాలి? ఎంజైమ్ క్యాప్సూల్ ఎప్పుడు వేసుకోవాలి?

క్లోమ గ్రంథి క్యాన్సర్ అని తేలగానే చాలా ఇళ్లలో ముందు మారేది కంచం. నూనె బంద్, నెయ్యి బంద్, పప్పు వద్దు, గుడ్డు వద్దు. చివరికి పేషెంట్‌కు మిగిలేది చారన్నం, నూకల జావ. ఇంట్లో వాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ ఈ జబ్బులో మనిషిని త్వరగా కుంగదీసేది బరువు తగ్గడం. ఒంట్లో శక్తి లేకపోతే కీమో తట్టుకోవడం కష్టమవుతుంది, ఆపరేషన్ తర్వాత కోలుకోవడం ఆలస్యమవుతుంది. మరి ఏం తినాలి? ఎంత తినాలి? తిన్నది ఒంటికి పట్టాలంటే ఏం చేయాలి? పూర్తి వివరాలు ఇవీ..

తిన్నది ఎందుకు ఒంటపట్టదు?

క్లోమం, అంటే పాంక్రియాస్, పొట్ట వెనకాల అడ్డంగా ఉండే సుమారు 15 సెంటీమీటర్ల గ్రంథి. దీనికి రెండు పనులు. ఒకటి ఇన్సులిన్ లాంటి హార్మోన్లు తయారుచేసి రక్తంలో షుగర్‌ను అదుపులో ఉంచడం. రెండోది అన్నం అరిగించే రసాలు తయారుచేసి చిన్నపేగులోకి పంపడం. ఆ రసాల్లో ఉండేవే ఎంజైములు. లైపేజ్ కొవ్వును, ప్రోటియేజ్ మాంసకృత్తులను, అమైలేజ్ పిండి పదార్థాలను విడగొడతాయి.

గడ్డ ఆ రసం వెళ్లే గొట్టాన్ని మూసేసినా, ఆపరేషన్‌లో గ్రంథిలో కొంత భాగం తీసేసినా ఎంజైములు పేగులోకి సరిపడా రావు. అప్పుడు కంచం నిండా తిన్నా సగం అరగకుండానే బయటికి పోతుంది. ఎక్కువగా దెబ్బతినేది కొవ్వు అరుగుదల. ఇంట్లో వాళ్లకేమో 'బాగానే తింటున్నాడు కదా, ఎందుకిలా చిక్కిపోతున్నాడు' అనిపిస్తుంది.

బరువు తగ్గడానికి ఇదొక్కటే కారణం కాదు. క్యాన్సర్ వల్ల ఒంట్లో వాపు ప్రక్రియ మొదలై కండ కరిగిపోతుంది. దీన్ని కాకెక్సియా అంటారు. నొప్పి, వికారం, దిగులు ఆకలిని చంపేస్తాయి. కానీ వీటన్నిటిలో తేలిగ్గా సరిచేయగలిగింది ఎంజైముల లోటే. చాలాసార్లు ఎవరూ పట్టించుకోకుండా వదిలేసేదీ అదే.

ఈ లక్షణాలు ఉంటే డాక్టర్‌కు చెప్పాల్సిందే

మలం లేత పసుపు రంగులో, జిడ్డుగా, నురగగా ఉండటం. నీళ్లు పోసినా పైకి తేలడం, ఒక పట్టాన పోకపోవడం. భరించలేని దుర్వాసన. తిన్న కాసేపటికే పొట్ట ఉబ్బడం, గ్యాస్, మెలిపెట్టే నొప్పి. నూనె, నెయ్యి, మాంసం తిన్నాక విరేచనాలు. తింటున్నా బరువు తగ్గడం.

సిగ్గుపడి చాలామంది మలం గురించి డాక్టర్ దగ్గర నోరు విప్పరు. కీమో వల్ల విరేచనాలు అవుతున్నాయేమో అని సర్దుకుపోతారు. కొందరు నూనె వస్తువులు తింటే పడట్లేదని వాటిని మానేస్తారు. అప్పుడు లక్షణాలు తగ్గినట్టు కనిపిస్తాయి, బరువు మాత్రం పడిపోతూనే ఉంటుంది. ఈ జబ్బులో మలం గురించి చెప్పడం షుగర్ రిపోర్ట్ చూపించడమంత ముఖ్యం.

ఎంజైమ్ క్యాప్సూల్: తొలి ముద్దతోనే..

తగ్గిన ఎంజైములను బయటి నుంచి ఇచ్చే మందే పాంక్రియాటిన్ క్యాప్సూల్. బ్రిటన్‌లో 2018లో వచ్చిన జాతీయ వైద్య మార్గదర్శకాలు.. ఆపరేషన్ చేయడానికి వీలుకాని క్లోమ క్యాన్సర్ పేషెంట్లకు ఈ క్యాప్సూళ్లు ఇవ్వాలని చెప్పాయి. ఆపరేషన్‌కు ముందు, తర్వాత కూడా వీటిని పరిశీలించాలని సూచించాయి.

మందు ఒకటే అయినా, వేసుకునే తీరును బట్టే ఫలితం ఉంటుంది.

- తినడం మొదలుపెట్టగానే, తొలి ముద్దతో వేసుకోవాలి. భోజనానికి అరగంట ముందో, చేయి కడుక్కున్న తర్వాతో వేసుకుంటే పెద్దగా పనిచేయదు. ఎంజైము అన్నంతో కలిసి పేగులోకి వెళ్లాలి.
- ఒక పూటకు ఒకటి కంటే ఎక్కువ క్యాప్సూళ్లు రాస్తే కొన్ని మొదట్లో, మిగతావి భోజనం మధ్యలో వేసుకోవాలి. నెమ్మదిగా తినేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.
- మామూలు నీళ్లతో మింగాలి. వేడి కాఫీ, వేడి పాలతో మింగితే ఎంజైము పాడవుతుంది. పొగలు కక్కే అన్నంలో కలపకూడదు.
- నమలకూడదు. నమిలితే నోట్లో పుండ్లు పడతాయి, మందూ వృథా అవుతుంది. మింగలేని వాళ్లకు క్యాప్సూల్ విప్పి, లోపలి గింజలను చెంచాడు పెరుగులోనో, ఆపిల్ గుజ్జులోనో కలిపి వెంటనే మింగించి నీళ్లు తాగించాలి.
- భోజనానికే కాదు, చిరుతిండికీ కావాలి. గ్లాసుడు పాలు, లస్సీ, చిక్కటి పాల కాఫీ, గుడ్డు, పల్లీలు, బిస్కెట్లు తీసుకున్నా క్యాప్సూల్ పడాల్సిందే. మంచినీళ్లు, పాలు లేని టీ, కొబ్బరినీళ్లు, మామూలుగా తినే కొద్దిపాటి పండ్లకు అక్కర్లేదు.
- మర్చిపోతే తర్వాతి పూటకు డబుల్ వేసుకోకూడదు. తర్వాత తినేటప్పుడు మామూలుగానే వేసుకోవాలి.

బ్రిటన్‌లో పెద్దవాళ్లకు సాధారణంగా భోజనానికి 50,000 యూనిట్లు, చిరుతిండికి 25,000 యూనిట్లతో మొదలుపెడతారు. తర్వాత లక్షణాలను బట్టి పెంచుతారు. నెయ్యి, మాంసం ఎక్కువున్న భోజనానికి ఎక్కువ, తేలికపాటి టిఫిన్‌కు తక్కువ పట్టొచ్చు. డోసు ఎంత అన్నది డాక్టరే తేల్చాలి. డోసు పెంచినా ఫలితం లేకపోతే, పొట్టలోని యాసిడ్ ఎంజైమును చంపకుండా గ్యాస్ట్రిక్ మాత్ర కూడా జత చేస్తారు.

మరో సంగతి. ఈ క్యాప్సూళ్లను సాధారణంగా 25 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. 40 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో కారు డ్యాష్‌బోర్డులో, పొయ్యి గట్టు మీద, కిటికీ పక్కన పెడితే మందు బలం పోతుంది. ఎక్కడ ఉంచాలో డబ్బా మీద రాసింది చూసి, మెడికల్ షాపులో అడిగి తెలుసుకోవాలి.

ఈ ఎంజైములను పంది క్లోమం నుంచి తీస్తారు. శాకాహారులకు, ముస్లింలకు ఇది ఇబ్బందిగా అనిపించొచ్చు. ప్రస్తుతానికి ఇంతే బలంగా పనిచేసే శాకాహార మందు లేదు. భోజనం తర్వాత తాగే అరుగుదల టానిక్‌లు దీనికి బదులు కావు. ఆ విషయం దాచకుండా పేషెంట్‌కు ముందే చెప్పి, డాక్టర్‌తో, అవసరమైతే మతపెద్దలతో మాట్లాడి నిర్ణయం తీసుకునే అవకాశం ఇవ్వాలి.

ఎంత తినాలి? లెక్క ఇదీ..

క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఒక కిలో శరీర బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, కనీసం 1 గ్రాము, వీలైతే 1.5 గ్రాముల వరకు ప్రోటీన్ అందాలన్నది యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాల మాట. అంటే 50 కిలోల మనిషికి రోజుకు 1,250 నుంచి 1,500 కేలరీలు, 50 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ కావాలి.

ఇంటి వంటలో చూస్తే.. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు, గుప్పెడు కందిపప్పులో 6 నుంచి 7 గ్రాములు, 100 గ్రాముల చికెన్ లేదా చేపలో దాదాపు 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. రెండు గుడ్లు, అర లీటరు పాలు పెరుగు కలిపి, గుప్పెడు పప్పు, ఒక పూట చేప ముక్కలు తింటే 50 గ్రాములు దాటుతుంది. మాంసం తినని వాళ్లు పనీర్, సోయా, పెరుగు, పెసరపప్పు, పల్లీల పొడితో ఆ లోటు పూడ్చుకోవచ్చు.

అదే రెండు పూటలా చారన్నం పెడితే? పొట్ట నీళ్లతో నిండుతుంది, ప్రోటీన్ మాత్రం నాలుగో వంతు కూడా అందదు.

పథ్యం మాటేంటి?

'పప్పు తింటే చీము పడుతుంది', 'గుడ్డు వేడి చేస్తుంది', 'నెయ్యి అరగదు'.. ఆపరేషన్ అయినవాళ్ల ఇంట్లో ఈ మాటలు వినిపించకుండా ఉండవు. పప్పు వల్ల కుట్లు చీము పట్టవు. పుండు మానడానికి ప్రోటీనే ఆధారం.

కొవ్వు విషయంలోనూ అంతే. గ్రాము పిండి పదార్థంలో 4 కేలరీలు ఉంటే గ్రాము కొవ్వులో 9 ఉంటాయి. నాలుగు ముద్దలు మించి తినలేని మనిషికి ఆ నాలుగు ముద్దల్లోనే శక్తి దట్టించాలంటే నెయ్యి, వెన్న, పల్లీలు, మీగడే దారి. ఒక చిన్న చెంచా నెయ్యితో 45 కేలరీలు వస్తాయి. కొవ్వు పడట్లేదంటే ముందు సరిచూసుకోవాల్సింది క్యాప్సూల్ డోసును. డీప్ ఫ్రై వంటలు వికారం తెప్పిస్తే అవి తగ్గించి, నెయ్యిని అన్నంలో కలిపి ఇవ్వొచ్చు.

ఇప్పుడు కొత్త పథ్యం ఇంకోటి వచ్చింది. మూడు పూటలా కొర్రలు, సామలు, పచ్చి కూరగాయల రసాలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మంచివే. కానీ పీచు ఎక్కువైతే త్వరగా పొట్ట నిండిపోతుంది, గ్యాస్ పెరుగుతుంది. బరువు తగ్గుతున్న పేషెంట్‌కు మెత్తటి తెల్లన్నం, ఇడ్లీ, కిచిడీ తినడమే తేలిక.

రోజంతా ఇలా సర్దుకోవచ్చు

మూడు పెద్ద భోజనాల బదులు రెండు, రెండున్నర గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి.

- ఉదయం లేవగానే: పాలపొడి కలిపిన గ్లాసు పాలు.
- టిఫిన్: రెండు ఇడ్లీలు, నెయ్యి, కారం తగ్గించిన పల్లీ చట్నీ. లేదంటే జీడిపప్పు వేసిన ఉప్మా, ఒక గుడ్డు.
- 11 గంటలకు: అరటిపండు లేదా మెత్తటి బొప్పాయి, నాలుగు నానబెట్టిన బాదంపప్పులు.
- మధ్యాహ్నం: మెత్తటి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, చేప లేదా చికెన్ పులుసు, చివర్లో గడ్డ పెరుగు.
- సాయంత్రం 4 గంటలకు: ఒక సున్నుండ, లేదా ఆమ్లెట్. మినపప్పు, బెల్లం, నెయ్యి కలిసిన సున్నుండ బరువు పెరగాల్సిన మనిషికి మంచి చిరుతిండి. షుగర్ ఉన్నవాళ్లు ఆమ్లెట్ ఎంచుకోవచ్చు.
- రాత్రి: పెసరపప్పు కిచిడీ, నెయ్యి, కూర. లేదా తాలింపు పెట్టిన పెరుగన్నం.
- పడుకునే ముందు: పాలు.

భోజనం మధ్యలో నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట నిండిపోతుంది. నీళ్లు, మజ్జిగ భోజనాల మధ్య తాగాలి. నొప్పి ఉంటే నొప్పి మాత్ర, వికారం ఉంటే వాంతుల మాత్ర డాక్టర్ చెప్పినట్టు తినడానికి ముందే వేసుకుంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. ఒపికగా ఉన్నప్పుడు ఇంట్లోనే పది నిమిషాలు నడిస్తే ఆకలి పెరుగుతుంది, కండ నిలబడుతుంది.

షుగర్ కూడా ఉంటే?

క్లోమం దెబ్బతినడం వల్ల కొత్తగా షుగర్ రావచ్చు. దీన్ని టైప్ 3సి డయాబెటిస్ అంటారు. ఇక్కడ జరిగే పొరపాటు.. షుగర్ అనగానే అన్నం తగ్గించేయడం. బరువు తగ్గుతున్న మనిషికి అన్నం కోసే బదులు మాత్రలు, ఇన్సులిన్ డోసు సరిచేయాలి. తీపి పానీయాలు, స్వీట్లు అదుపులో పెట్టి మిగతా తిండి కొనసాగించాలి.

ఈ రకం షుగర్‌లో లెవల్స్ ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఎక్కువ. షుగర్‌ను పెంచే గ్లూకగాన్ హార్మోన్ కూడా క్లోమంలోనే తయారవుతుంది. ఇన్సులిన్ వేసుకుని తినలేకపోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఎంజైమ్ క్యాప్సూళ్లు మొదలుపెట్టాక తిండి బాగా ఒంటపడుతుంది కాబట్టి షుగర్ పెరగొచ్చు. ఆ రోజుల్లో తరచూ చెక్ చేసుకోవాలి.

కీమో రోజుల్లో..

క్లోమ క్యాన్సర్‌కు ఇచ్చే ఫోల్ఫిరినాక్స్ కీమోలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఉంటుంది. అది ఎక్కించాక కొద్ది రోజులు చల్లటివి తాగితే గొంతు పట్టేసినట్టు, వేళ్లు తిమ్మిరెక్కినట్టు అవుతుంది. ఫ్రిజ్ నీళ్లు, ఐస్‌క్రీం పక్కన పెట్టి గది వేడిలో ఉన్నవే తీసుకోవాలి. క్యాప్సూల్ మింగే నీళ్లకూ ఇదే వర్తిస్తుంది.

నోరు చేదుగా, ఇనుప రుచిగా ఉంటే స్టీల్ చెంచా మార్చి చూడొచ్చు. నిమ్మకాయ పులిహోర, చింతపండు చారు, ఉసిరి రుచి కొందరికి నోరు తెరిపిస్తాయి. నోట్లో పుండ్లు ఉంటే మాత్రం పులుపు, కారం, ఆవకాయ ఆపి పెరుగన్నం, మెత్తటి కిచిడీకి మారాలి. పోపు వాసన పడకపోతే పేషెంట్‌ను వంటగదికి దూరంగా కూర్చోబెట్టి, చల్లారిన తిండి పెట్టాలి.

తెల్ల రక్తకణాలు పడిపోయే రోజుల్లో బయటి పానీపూరి, కోసి పెట్టిన పండ్లు, చెరకు రసం, సగం ఉడికిన గుడ్డు, కాచని పాలు వద్దు. ఇంట్లో అప్పుడే వండినవే పెట్టాలి.

ఆపరేషన్ అయితే..

1935లో అమెరికా సర్జన్ అలెన్ విపుల్ వెలుగులోకి తెచ్చిన ఆపరేషన్‌నే ఇప్పటికీ ఆయన పేరుతో పిలుస్తున్నారు. ఇందులో క్లోమం తల భాగంతో పాటు చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేస్తారు. కొందరికి పొట్టలో కొంత భాగం కూడా పోతుంది. అందుకే తర్వాత కొన్ని వారాలు పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, రెండు ముద్దలకే నిండినట్టుంటుంది. చిన్న చిన్న పూటలు, మెత్తటి తిండి, ఎంజైమ్ క్యాప్సూళ్లు చాలామందికి అవసరమవుతాయి. కొవ్వు అరగకపోతే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా ఒంటపట్టవు కాబట్టి వాటికి డాక్టర్ రక్త పరీక్షలు చేయించి మాత్రలు ఇస్తారు.

ఆహారంతోనే క్యాన్సర్ నయమవుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పరిశోధన ఒకటి అమెరికాలో జరిగింది. న్యూయార్క్ డాక్టర్ నికోలస్ గోంజాలెజ్ ప్రచారం చేసిన పద్ధతిలో ప్రత్యేక ఆహారం, పెద్ద మోతాదులో ఎంజైములు, సప్లిమెంట్లు, కాఫీ ఎనిమా ఉండేవి. 55 మంది క్లోమ క్యాన్సర్ పేషెంట్లలో 32 మంది ఆ పద్ధతిని, 23 మంది కీమోను ఎంచుకున్నారు. 2010లో పత్రికలో అచ్చయిన ఫలితాల ప్రకారం కీమో తీసుకున్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం 14 నెలలు. ఆహార పద్ధతిలో ఉన్నవాళ్లది 4.3 నెలలు. లాటరీ పద్ధతిలో పేషెంట్లను విభజించలేదు కాబట్టి ఈ పోలికకు పరిమితులు ఉన్నాయి. అయినా తేడా చిన్నది కాదు.

ఎంజైములు అన్నం అరిగించడానికి మందు, క్యాన్సర్‌ను కరిగించడానికి కాదు. 'చక్కెర మానేస్తే గడ్డ ఎండిపోతుంది', 'ఉపవాసం చేస్తే క్యాన్సర్ చస్తుంది' అంటూ వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మి తిండి మానేస్తే ముందు నీరసించేది మనిషే. మంచి తిండి చికిత్సకు తోడు, బదులు కాదు.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

- తిన్న కొన్ని గంటల తర్వాత అరగని తిండి వాంతి కావడం. గడ్డ పేగును నొక్కుతోందేమో చూడాలి. స్టెంట్‌తో దారి తెరవొచ్చు.
- కళ్లు పచ్చబడటం, ముదురు రంగు మూత్రం, ఒళ్లంతా దురద. ఇవి కామెర్ల గుర్తులు. నాటు పసరుతో కాలయాపన చేయకూడదు.
- స్టెంట్ వేశాక చలితో జ్వరం, లేదా కీమోలో ఉండగా 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరిన జ్వరం. అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి వెళ్లాలి.
- ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోవడం, మలం నల్లగా రావడం.

బలవంతం చేయొద్దు

జబ్బు బాగా ముదిరిన దశలో శరీరమే తిండి వద్దంటుంది. ఎంత నెయ్యి పోసినా, ఎన్ని క్యాప్సూళ్లు వేసినా బరువు నిలవని రోజులు రావచ్చు. 'తినట్లేదు కాబట్టే ఇలా అయింది' అని పేషెంట్‌ను, 'నేను సరిగ్గా పెట్టలేదు' అని తమను తాము నిందించుకోవడం రెండూ తప్పే. జబ్బు వల్ల ఆకలి పోయింది, అంతే. అప్పుడు కేలరీల లెక్క పక్కన పెట్టి, అడిగింది అడిగినంత పెడితే చాలు. రెండు చెంచాల ఐస్‌క్రీం అయినా, ఇష్టమైన కాఫీ గుక్క అయినా సరే. పెదాలు తడపడం, పక్కన కూర్చోవడం కూడా సేవే. ఈ దశలో నొప్పి, వికారం తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం సాయం తీసుకోవాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ సేవలు ఉన్నాయి.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు..

నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లడం మంచిది. ఎంజైమ్ క్యాప్సూల్ అవసరమా, డోసు ఎంత? షుగర్ మందులు ఇప్పుడు తింటున్న తిండికి సరిపోతాయా? విటమిన్ పరీక్షలు చేయించాలా? ఆస్పత్రి డైటీషియన్‌ను ఎప్పుడు కలవాలి? వాటితో పాటు వారానికోసారి ఒకే మిషన్ మీద చూసిన బరువు, మలం ఎలా ఉంటోందన్న వివరం కాగితం మీద రాసి చూపిస్తే డాక్టర్‌కు పని సులువవుతుంది. ఈ కథనం అవగాహన కోసమే. మందులు మొదలుపెట్టడం, ఆపడం, డోసు మార్చడం చికిత్స చేస్తున్న డాక్టర్ సలహాతోనే జరగాలి.